అక్షరం వెనుక అంకె

మేడం గారు పోయారన్న కబురు నాకు ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు. మా ఇంటర్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఉదయం ఆరున్నరకి ఎవరో పెట్టారు. "మన లెక్కల మేడం గారు ఇక లేరు. నిద్రలోనే వెళ్ళిపోయారట." పొయ్యి మీద పాలు పెట్టి ఫోన్ చూసుకుంటున్నాను. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. నేను పాఠాలు చెప్పడానికి కాలేజీకి తయారయ్యే వేళకి ఆ కబురు కింద అరవై నాలుగు మెసేజీలు చేరాయి. కూర్చుని అన్నీ చదివాను. వేర్వేరువి అయిదే. దండం పెట్టే చేతులు, ఏడుపు మొహం, ఓం శాంతి, రెస్ట్ ఇన్ పీస్, వెరీ శాడ్. మిగతావన్నీ వాటి నకళ్ళు. ఆవిడే ఉండి ఉంటే పెన్సిల్ తీసి, అరవై నాలుగు ఫాక్టోరియల్ కింద ఏమేం రాయాలో చెప్పమనేవారు. అది తలుచుకుని నవ్వు వచ్చింది, నవ్వు వెనకాలే ఏడుపూ వచ్చింది. ఇంట్లో ఒక్కదాన్నే కాబట్టి రెండిట్లో దేన్నీ దాచుకోవలసిన పని లేకపోయింది.

అరవై అయిదోది నేను పెట్టలేదు. పెట్టే అర్హత లేదనిపించింది. రెండేళ్ళుగా నేను ఆవిడ గడప తొక్కలేదు. రామచంద్రపురంలో ఉంటాను, మండపేటకి బస్సెక్కితే అరగంట. దూరం వల్ల మానలేదు, అలిగి మానాను. నలభై అయిదేళ్ళ మనిషిని డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి మీద అలిగాను. ఆ సంగతి ఎవరితోనైనా చెప్పుకుంటే గానీ మనసు కుదుటపడేలా లేదు. అమ్మ ఉంటే అమ్మతో చెప్పేదాన్ని. నాకు పెళ్ళి కాలేదు, ఎందుకు కాలేదని అడిగేవాళ్ళు కూడా ఇప్పుడు మిగల్లేదు. అందుకని మీతో చెబుతున్నాను.

అన్నవరం సత్యదేవుడి దయ వల్ల మా వైపు వీధికి ఇద్దరు సత్యవతులుంటారు. మండపేట ఆడపిల్లల జూనియర్ కాలేజీలో మా సెక్షన్‌లో ముగ్గురం ఉండేవాళ్ళం. అందులో ఇద్దరికి ఇంటిపేరు మొదటి అక్షరం కూడా ఒకటే. మిగతా లెక్చరర్లు ఒకరి మార్కులు ఒకరికి వేసేవారు, ఒకరు చేసిన అల్లరికి ఇంకొకర్ని నిలబెట్టేవారు. లెక్కల మేడం గారు మొదటి రోజే మాకు నంబర్లిచ్చేశారు. హాజరు పిలిచేటప్పుడు "సత్యవతి ఒకటి, రెండు, మూడు" అనేవారు. ఒకటో సత్యవతి రైస్ మిల్లు వారి అమ్మాయి, పాటలు బాగా పాడేది. రెండో సత్యవతి ఖోఖో ఆడేది, జిల్లా స్థాయికి వెళ్ళి వచ్చింది. మూడో సత్యవతిని నేను. మా నాన్న ఒకటో సత్యవతి వాళ్ళ మిల్లులోనే డ్రయ్యర్ దగ్గర పనిచేసేవారు. "ప్రెజెంట్ మేడం" అని ముగ్గురం వరసగా అనేవాళ్ళం, నా గొంతు చివర్న, చిన్నగా వచ్చేది.

ఒక రోజు పెర్ముటేషన్లు మొదలుపెట్టారు. అక్షరాల్ని ఎన్ని రకాలుగా అమర్చవచ్చు అనే పాఠం. అక్షరాలన్నీ వేరయితే అందరికీ వచ్చేసింది. కొన్ని అక్షరాలు మళ్ళీ మళ్ళీ వస్తే ఏం చెయ్యాలన్న చోట క్లాసు నీరసపడిపోయింది. అప్పుడు మేడం గారు సుద్దముక్క పక్కన పెట్టి, "సత్యవతులు ముగ్గురూ ఇలా రండమ్మా" అన్నారు. మాతో పాటు పద్మని, మేరీని పిలిచి బల్ల ముందు వరసగా నిలబెట్టారు. అయిదుగురు మనుషులు నూట ఇరవై రకాలుగా నిలబడవచ్చు. తర్వాత ఇంకో అమ్మాయికి పుస్తకం ఇచ్చి తలుపు బయట నిలబెట్టారు. "నీకు మనుషులు కనపడరు. పేర్లు వినపడతాయి. విన్నది విన్నట్టు రాయి" అన్నారు.

మేం ఎడమ నుంచి కుడికి పేర్లు చెప్పాం. సత్యవతి, పద్మ, సత్యవతి, మేరీ, సత్యవతి. మేడం గారు నన్నూ ఒకటో సత్యవతినీ చోటు మార్చి మళ్ళీ చెప్పమన్నారు. పేర్లు అవే, వరసా అదే. మళ్ళీ మార్చారు. ముగ్గుర్నీ అటూ ఇటూ తిప్పి ఆరు రకాలుగా నిలబెట్టారు. ఆరుసార్లూ తలుపు బయటి అమ్మాయి ఒకటే రాసుకొచ్చింది. "చూశారా, మీకు ఆరు, ఆ పిల్లకి ఒకటి. అందుకే నూట ఇరవైని ఆరుతో భాగిస్తాం. ఇరవయ్యే" అని బోర్డు మీద రాసి చుట్టూ గీత గీశారు.

క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. గది ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాను, పాటలు పాడే అమ్మాయి చోట్లో నిలబడ్డాను, ఖోఖో అమ్మాయి చోట్లో నిలబడ్డాను. బయట ఎవరికీ ఏమీ తేడా పడలేదు. ఆ వయసులో అలాంటివి గట్టిగా తగులుతాయి. మిగతావాళ్ళు కూర్చున్నా నేను కూర్చోలేదు. "మేం చోటు మారినట్టు ఎక్కడా ఉండదా మేడం?" అని అడిగాను.

ఆవిడ కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు. "లెక్కలో ఉండదమ్మా. మారిన వాళ్ళకి తెలుస్తుంది" అన్నారు. అని డస్టర్ తీసుకుని బోర్డు తుడిచేశారు.

వారం తిరక్కుండా స్లిప్ టెస్ట్ పెట్టారు. మండపేటని ఇంగ్లీషులో రాస్తే ఆ అక్షరాల్ని ఎన్ని రకాలుగా అమర్చవచ్చు అని ప్రశ్న. తొమ్మిది అక్షరాలు, అందులో 'ఎ' మూడుసార్లు వస్తుంది. నేను తొమ్మిది ఫాక్టోరియల్ వేసి, మూడు 'ఎ'లు ఉన్నాయి కదా అని మూడుతో భాగించి ఇచ్చాను. పాఠమంతా ఒంటి మీద జరిగాక కూడా మూడుతోనే భాగించాను. మేడం గారు ఎర్ర పెన్నుతో కొట్టెయ్యలేదు. "శనివారం మధ్యాహ్నం ఇంటికి రా" అని కింద రాశారు.

ఆవిడ ఇల్లు కాలవ గట్టు పక్కన, రెండు గదుల పెంకుటిల్లు. ఆవిడా పెళ్ళి చేసుకోలేదు. మిల్లుల నుంచి వచ్చే ఊకబూడిద మండపేటలో ప్రతి ఇంటి మీదా పడుతుంది, ఆవిడ ఇంట్లో మాత్రం ఎక్కడా కనిపించేది కాదు. భుజం మీద ఒక పాత గుడ్డముక్క ఉండేది, మాట్లాడుతూనే ఏదో ఒకటి తుడుస్తూ ఉండేవారు. నేను వెళ్ళేసరికి చాప పరిచి, దాని మీద బిస్కెట్ల అట్టపెట్టె ఒకటి తెరిచి ఉంచారు. పెట్టె నిండా థర్మోకోల్‌తో కోసిన తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు, జానెడేసి పొడుగువి.

అవి చర్చివి. క్రిస్మస్‌కీ, ఈస్టర్‌కీ, పెళ్ళిళ్ళకీ చర్చిలో వెనక తెర మీద అక్షరాలు గుచ్చే పని ఆవిడది. మిగతా చోట్ల పండుగ అవగానే ఆ అక్షరాలు చెత్తలోకి పోతాయి. ఆవిడ ఒక్కోటీ జాగ్రత్తగా ఊడదీసి పెట్టెలో దాచేవారు. తెలుగు అక్షరాలు ఎందుకు పెట్టరండీ అని ఒకసారి అడిగితే, "తెలుగులో అక్షరానికి ఒకసారి గుడి ఇచ్చాక అది ఇంకో మాటకి పనికి రాదమ్మా. ఇంగ్లీషు అక్షరాలు ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంటాయి" అన్నారు.

ఆ రోజు పెట్టెలోంచి తొమ్మిది అక్షరాలు తీసి మండపేట అని పేర్చారు. మూడు 'ఎ'లనీ తిరగేసి, వెనకాల నీలం స్కెచ్ పెన్నుతో ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేశారు. "ఇప్పుడు ఇవి వేరు. ఎన్ని రకాలుగా మారుస్తావో మార్చు, మార్చినప్పుడల్లా అంకెలు పలక మీద రాసుకో" అన్నారు. ఒకటి రెండు మూడు. ఒకటి మూడు రెండు. అలా మారుస్తూ పోతే ఆరు వచ్చాయి, ఏడోది ఎంత వెతికినా రాలేదు. "ఇప్పుడు ముందు వైపుకి తిప్పి చూడు" అన్నారు. తిప్పితే, ఎలా పెట్టినా అదే మండపేట. మూడు కాదు, ఆరు అని అప్పుడు నా బుర్రకెక్కింది. అరవై వేల నాలుగు వందల ఎనభై అని జవాబు రాసి, సంబరంగా లేచాను. లేవడం లేవడం కాలు చాప మీదికి వేశాను. మూడో నంబరు 'ఎ' కుడి కాలు పుటుక్కున విరిగిపోయింది.

నేను ఏడ్చేశాను. చర్చి వస్తువు, పైగా కాలితో తొక్కాను. మేడం గారు తిట్టలేదు, ఊరుకోమని కూడా అనలేదు. లోపలికి వెళ్ళి చీపురుపుల్ల ఒకటి, జిగురు డబ్బా తెచ్చుకున్నారు. పుల్లని కొలిచి విరిచి, అక్షరం వెనకాల కట్టు కట్టినట్టు అతికించారు. "పెట్టెలో ఇంకా 'ఎ'లు ఉన్నాయి కదండీ, ఇది పారేద్దామండీ" అన్నాను వెక్కుతూ.

"ఉంటే? అవి అవే, ఇది ఇదే" అన్నారు.

తర్వాత శనివారం నేనే వెళ్ళాను. ఆ పై శనివారమూ వెళ్ళాను. చర్చికి అక్షరాలు గుచ్చడానికి తోడు తీసుకెళ్ళేవారు. ఆవిడ కింద నిలబడి వంకర చెప్పేవారు, నేను స్టూలెక్కి గుండుసూదులు గుచ్చేదాన్ని. ఆవిడది ఒక పద్ధతి. అక్షరానికి ఒక్కటే సూది, పైన మధ్యలో. రెండు గుచ్చితే తీసేటప్పుడు విరుగుతుందని. చర్చికి వెళ్తున్నానని మొదట్లో నాన్న కొంచెం గునిశారు. అమ్మ మాత్రం, "మేడం గారు పిలిస్తే గుడయితే ఏంటి, చర్చయితే ఏంటి, వెళ్ళనియ్యండి" అంది. గుచ్చేటప్పుడు మూడో నంబరు 'ఎ' ఎక్కడ పడుతుందో నేను చూసుకునేదాన్ని. ఆవిడా చూసుకునేవారని నాకు అనుమానం. పైకి ఎప్పుడూ అనలేదు.

ఆవిడ అక్షరాలు కనపడితే ఊరుకునేవారు కాదు. శుభలేఖ వస్తే ముహూర్తం కంటే ముందు పేర్లలో ఏ అక్షరం ఎన్నిసార్లుందో చూసేవారు. ఒకసారి ఇద్దరం రామచంద్రపురం వెళ్ళడానికి స్టాండులో కూర్చున్నాం. ఎదురుగా ఆగి ఉన్న బస్సు అద్దం మీద ఊరి పేరు ఇంగ్లీషులో, అంటించిన అక్షరాలతో ఉంది. పదహారు అక్షరాలు, అందులో 'ఎ' అయిదు, 'ఆర్' మూడు, 'ఎం' రెండు. డ్రైవరు టీ తాగి వచ్చేలోపు టికెట్ వెనకాల లెక్క కట్టేశారు. వెయ్యీ నాలుగు వందల యాభై రెండు కోట్ల పైచిలుకు రకాలు. తీరా తలెత్తి సరిగ్గా చూస్తే, ఒక 'ఎ' ఊడిపోయి జిగురు మరక మాత్రం ఉంది. మళ్ళీ కట్టారు. నాలుగు వందల యాభై నాలుగు కోట్ల చిల్లర.

"చూశావా, అయిదింటిలో ఒక్కటి పోయింది. దగ్గర దగ్గర వెయ్యి కోట్ల మాటలు పోయాయి" అన్నారు.

"ఇంకా నాలుగున్నాయి కదండీ" అన్నాను నేను. నేను ఎప్పుడూ అదే మాట అనేదాన్ని.

"ఉన్న నాలుగింటికీ పోయినదాని పని రాదమ్మా" అన్నారు. ఆ టికెట్ ముక్క చాలా రోజులు నా లెక్కల పుస్తకంలో ఉండేది. ఎప్పుడు పోయిందో తెలీదు.

ఆవిడ వల్లే లెక్కలు చదివాను. ఆవిడ వల్లే లెక్కలు చెప్పే పనిలోకి వచ్చాను. ఇప్పుడు రామచంద్రపురంలో ఒక కాలేజీలో ఇదే పాఠం ఏటా చెబుతున్నాను. మా పిల్లలు ఇలాంటి లెక్క నాలుగు సెకన్లలో చేసేస్తారు. పైన ఇది, కింద ఇది, ఆప్షన్ బి. ఎందుకు భాగిస్తున్నామో చెప్పబోతే ఒకమ్మాయి చాలా మర్యాదగా, "అది పరీక్షలో అడగరు కదండీ మేడం" అంది. నిజమే, అడగరు. ఆ సాయంత్రం బస్సెక్కి మండపేట వెళ్ళి ఆవిడకి ఈ మాట చెప్పి ఇద్దరం నవ్వుకున్నాం. అప్పటికి ఆవిడ రిటైరయి చాలా ఏళ్ళయింది. శనివారాలు మాత్రం నెలకోటి, రెండు నెలలకోటి అయ్యాయి. అమ్మ మంచాన పడ్డాక ఇంకా తగ్గాయి.

అమ్మ పోయిన ఏడాదికి వెళ్ళాను. రెండేళ్ళ కిందటి మాట. మేడం గారికి మతిమరుపు మొదలైందని విన్నాను గానీ, నన్ను మర్చిపోతారని అనుకోలేదు. ఆవిడ వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. భుజం మీద గుడ్డ అలాగే ఉంది. "మేడం, సత్యవతినండి" అన్నాను.

నా మొహం వంక చాలాసేపు చూశారు. "ఏ సత్యవతి అమ్మా?" అన్నారు.

మూడో నంబరునండి అంటే సరిపోయేది. అనలేదు. ఇన్నేళ్ళ తర్వాత నేనే చెప్పుకోవాలా అనిపించింది. అమ్మ పోయాక నన్ను చూడగానే గుర్తుపట్టే మనిషి ఆవిడ ఒక్కరే మిగిలారని అనుకుంటూ బస్సులో వచ్చాను. "మీ దగ్గర చదువుకున్నానండి" అని ఊరుకున్నాను.

ఆవిడ మొహం విప్పారింది. "నీకు కవలలు కదూ. పెద్దవాళ్ళయ్యారా?" అన్నారు.

కవలలు ఒకటో సత్యవతికి. "అయ్యారండి" అన్నాను. బాగా చదువుతున్నారా అంటే చదువుతున్నారన్నాను. లేచి లోపలికి వెళ్ళి, రెండు కొబ్బరి ఉండలు కాగితంలో పొట్లం కట్టి, "చెరొకటీ ఇవ్వు, కొట్టుకోకుండా" అని నా చేతిలో పెట్టారు. రెండూ నేనే తిన్నాను, ఇంటికొచ్చాక, నిలబడి. అవి తింటున్నంతసేపూ ఆవిడ మీద నాకు కోపం వచ్చింది. ముగ్గుర్నీ కలిపి ఒకటి చేసేశారు, ఆరుతో భాగించేశారు అనుకున్నాను. ఆ తర్వాత వెళ్ళలేదు. అదే నా అలక. రాస్తుంటే సిగ్గుగా ఉంది.

సమాధుల తోటకి వెళ్ళి అందరి వెనకా నిలబడి వచ్చాను. రెండు రోజులకి గ్రూపులో మళ్ళీ సందడి. శనివారం సాయంత్రం చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెడుతున్నారు, మన బ్యాచ్ తరఫున ఫ్లెక్సీ కొట్టిద్దామని. మేడం గారి తమ్ముడి కూతురు, చివరి రోజుల్లో ఆవిడ దగ్గర ఉన్న అమ్మాయి, తననీ ఎవరో గ్రూపులో చేర్చారు, దానికి జవాబు పెట్టింది. "అత్తయ్యకి ఫ్లెక్సీలు ఇష్టం ఉండదండి. ఆవిడ అక్షరాల పెట్టె ఇంట్లో ఉంది. గుచ్చడం ఎవరికైనా వచ్చా?" దాని కింద ఎవరూ ఏమీ రాయలేదు. కాసేపు చూసి, నాకు వచ్చండి అని పెట్టాను. ఆ గ్రూపులో ఆ వారం నేను పెట్టింది అదొక్కటే.

శనివారం పొద్దున్నే వెళ్ళాను. ఆ అమ్మాయి కాఫీ ఇచ్చి, పెట్టె తెచ్చి చాప మీద పెట్టింది. అదే బిస్కెట్ల పెట్టె, మూలలకి టేపు వేసి ఉంది. "ఇది మంచం పక్కన లేకపోతే ఒప్పుకునేవారు కాదండి. మధ్యాహ్నం పూట అన్నీ పరుచుకుని, ఒక్కోటీ తిరగేసి చూసుకుని మళ్ళీ సర్దేవారు" అంది. నేను అక్షరాలు ఏరుతున్నాను.

"ఒకసారి ఇల్లు దులుపుతుంటే ఒక 'ఎ' ఎక్కడికో పోయిందండి. ఇక ఆ పూట అన్నం ముట్టలేదు. పెట్టెలో ఇంకో ఏడున్నాయి కదా అత్తయ్యా, అన్నీ ఒకటే కదా అన్నాను. ఒకటి కాదు, పుల్ల ఉన్నది కావాలి, నా మూడోది కావాలి అంటారు. ఏడూ చేతికిచ్చాను. ఒక్కోటీ తిప్పి చూసి పక్కన పెట్టేశారు. చివరికి బీరువా జరిపితే వెనకాల దొరికింది. అది ఒళ్ళో పెట్టుకుని అప్పుడు తిన్నారండి."

"ఎప్పుడమ్మా ఇది?" అన్నాను.

"ఏడాదిన్నర అయిందేమోనండి. నన్నే ఒక్కోసారి ఎవరమ్మా నువ్వు అనే రోజులు."

నా చేతిలో ఉన్న అక్షరం తిప్పాను. నీలం రంగు కొంచెం వెలిసింది. మూడు. పక్కనే చీపురుపుల్ల, జిగురు పసుపుపచ్చగా మారిపోయి ఉంది. "ఈ పుల్ల సంగతి ఎప్పుడైనా చెప్పారా?" అని అడిగాను.

"ఎవరో అమ్మాయి తొక్కేసి ఏడ్చిందటండి. 'ఏడ్చింది గానీ, మళ్ళీ వారం రాకుండా ఉండలేదు' అని నవ్వుకునేవారు. ఎవరని అడిగితే చెప్పేవారు కాదు. పేరు గుర్తు లేదేమోనండి" అంది ఆ అమ్మాయి.

కాఫీ గ్లాసు కింద పెట్టి, అక్షరాలు ఏరుతున్నట్టే తల వంచుకుని కూర్చున్నాను. ఆవిడకి నా మొహం పోయింది, పేరు మూడింట్లో ఒకటైపోయింది. అయినా తొక్కిన పిల్ల పోలేదు, పుల్ల పోలేదు, అంకె పోలేదు. ఏ సత్యవతి అమ్మా అని ఆవిడ అడిగింది నన్ను కాదనడానికి కాదు. తిరిగి వెనక వైపు చూపించమని అడిగారు, అంతే. చూపించవలసింది నేను. రెండు మాటలు చెబితే ఆ సాయంత్రమే పెట్టె మా ఇద్దరి మధ్యకి వచ్చేది. ఆవిడ మతిమరుపుతో మర్చిపోయారు, నేను అన్నీ గుర్తుండి వెళ్ళడం మానేశాను. మళ్ళీ వారం కూడా వస్తుందని నా గురించి ఆవిడ చెప్పుకున్న ఒక్క మాటనీ నూరు శనివారాలు అబద్ధం చేశాను. ఈ తప్పుకి ఎర్ర పెన్ను పెట్టేవాళ్ళు కూడా ఇప్పుడు లేరు.

తెర మీద 'థాంక్యూ మేడం' అని ఇంగ్లీషులో పెట్టాలని అందరూ అనుకున్నారు. పదమూడు అక్షరాలు, అందులో 'ఎ' మూడు, 'ఎం' రెండు. యాభై ఒక్క కోట్ల ఎనభై తొమ్మిది లక్షల పద్ధెనిమిది వేల నాలుగు వందల రకాలు. స్టూలు మీద నిలబడి కట్టాను, ఇంకేమీ తోచక. కింద నిలబడి వంకర చెప్పేవాళ్ళు లేరు కాబట్టి ఒక్కో అక్షరం గుచ్చి, దిగి, వెనక్కి నడిచి చూసుకుని, మళ్ళీ ఎక్కవలసి వచ్చింది. అక్షరానికి ఒకటే సూది, పైన మధ్యలో. ఒకటో నంబరు 'ఎ' మొదటి మాటలో పెట్టాను. రెండోది తర్వాత. మూడో నంబరు చివరి 'ఎ' చోటికి మిగిలింది. 'ఎ'ని వెనక్కి తిప్పినా 'ఎ' లాగే ఉంటుంది. దాన్ని వెనక వైపు ముందుకు పెట్టి గుచ్చాను.

సాయంత్రం చర్చి నిండింది. పాస్టరమ్మ గారు నా దగ్గరికి వచ్చి, నెమ్మదిగా, "ఆ చివరి 'ఎ' తిరగబడినట్టుందండి, ఏదో అంకె కనపడుతోంది" అన్నారు. "తెలిసే పెట్టానండి" అన్నాను. ప్రార్థన అయింది, పాటలయ్యాయి. ఒకటో సత్యవతి పాడింది, గొంతు ఇప్పటికీ బాగుంది. మా వాళ్ళు మాట్లాడుతూ, ఎంత స్ట్రిక్టో, ఎంత మంచివారో చెప్పారు. నన్ను మాట్లాడమని ఎవరూ పిలవలేదు, పిలిచినా లేచేదాన్ని కాదు. టీల దగ్గర ఎవరో "సత్యవతీ" అని కేకేస్తే ముగ్గురం తిరిగాం. ఆ పిలుపు నాకు కాదు. అందరూ తెర ముందు నిలబడి ఫోటోలు దిగి, ఒక్కొక్కరే బైకులూ కార్లూ ఎక్కి వెళ్ళిపోయారు.

అక్షరాలు రేపటి ఆరాధన దాకా ఉంచమన్నారు. నేను చెప్పులు వేసుకోబోయి, మళ్ళీ లోపలికి వచ్చాను. ఫ్యాన్లు ఇంకా తిరుగుతున్నాయి. వెనక బెంచీ దగ్గర నుంచి చూస్తే పదమూడూ తెల్లగా, ఒకే తీరుగా ఉన్నాయి. ముందుకు నడిచాను. సగం దూరం వచ్చేసరికి చీపురుపుల్ల కనపడింది. ఇంకా దగ్గరికి వెళ్తే నీలం రంగు మూడు, ఆవిడ చేతిరాత, కొంచెం కుడి పక్కకి వాలి. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, "ప్రెజెంట్ మేడం" అన్నాను. గొంతు ఎప్పట్లాగే చిన్నగా వచ్చింది. ఫ్యాను గాలికి తెర కదిలి, ఒక్క సూది మీద ఉన్న ఆ అక్షరం కొద్దిగా లేచి, మళ్ళీ తన చోట్లో ఆనుకుంది.